ప్లాంటు నడపడం తెలిసినవారు మీ నాయకత్వ బృందంలో ఎవరు?

మీరు రాసినదాన్నిబట్టి పరిస్థితి ఇది. ముగ్గురు మిత్రులు కలిసి హైదరాబాద్‌లో కంపెనీ పెట్టారు. ఒకరు నీటి నుంచి ఉప్పును వేరుచేసే పల్చటి పొరలైన మెంబ్రేన్లపై పీహెచ్‌డీ చేశారు. ఇంకొకరు పవర్ ఎలక్ట్రానిక్స్ ఇంజినీరు. ప్రస్తుతం డాలస్‌లో ఉద్యోగం చేస్తూ శని, ఆదివారాలు ఈ పనికి కేటాయిస్తున్నారు. మీరు ఎంబీఏ చదివి నిధులు, మార్కెటింగ్ చూసుకుంటున్నారు. సౌర విద్యుత్తుతో ఉప్పునీటిని శుద్ధిచేసే మీ యంత్రం నమూనా ప్రయోగశాలలో బాగా పనిచేసింది. ఇంతవరకు గ్రాంటు డబ్బుతో నెట్టుకొచ్చి, ఇప్పుడు సీడ్ పెట్టుబడికి, అంటే ఇన్వెస్టర్ల తొలి విడత పెట్టుబడికి, ప్రయత్నిస్తే, నాయకత్వ బృందం బలహీనంగా ఉందని, అనుభవజ్ఞుడైన సీఈఓను తెచ్చుకోమని ఇద్దరు ఇన్వెస్టర్లు అన్నారు. బయటినుంచి సీఈఓను తేవాలా, తెస్తే ఎంత వాటా ఇవ్వాలి, పేరున్న ఆచార్యులను సలహాదారులుగా పెట్టుకుంటే సరిపోదా అన్నవి మీ ప్రశ్నలు.

నీటిశుద్ధి ప్లాంట్లు కట్టడం, నడపడం, మూలపడ్డవాటిని తిరిగి నడిపించడం నా వృత్తి. కొంతకాలంగా ఈ రంగంలోని చిన్న కంపెనీలకు సలహాలు కూడా ఇస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. బృందంలో లోటు ఉందని ఆ ఇన్వెస్టర్లు సరిగానే పసిగట్టారు కానీ, ఆ లోటు ఎక్కడుందో సరిగా చూడలేదు. అమ్మిన తర్వాత యంత్రానికి ఏమవుతుందో అనుభవం మీద తెలిసిన మనిషి మీ ముగ్గురిలో లేరు. అటువంటి వ్యక్తిని ఉద్యోగిగా కాక వ్యవస్థాపకులతో సమానమైన హోదాలో తీసుకోవాలి. అదీ డిజైన్ ఖరారు కాకముందే తీసుకోవాలి. మిగతా పదవుల సంగతి దాని తర్వాతే ఆలోచించవచ్చు.

సాఫ్ట్‌వేర్ కంపెనీలో తప్పు దొర్లితే రాత్రికి రాత్రి కూర్చున్నచోటు నుంచే సరిదిద్దవచ్చు. మన పనిలో ఆ వెసులుబాటు లేదు. రెండు వందల కిలోమీటర్ల దూరంలో పెట్టిన ప్లాంటులో ఒక వాల్వు తప్పు స్థానంలో ఉందని తేలితే, దాన్ని మార్చడానికి వాహనం, ఇద్దరు మనుషులు, ఒక పూర్తి రోజు కావాలి. అటువంటి ప్లాంట్లు ఇరవై ఉంటే, డిజైన్‌లో జరిగిన ఆ చిన్న తప్పు కంపెనీకి వచ్చిన పెట్టుబడిలో గణనీయమైన భాగాన్ని మింగేస్తుంది.

ఒక గ్రామంలో దాతల డబ్బుతో పెట్టిన ఆర్‌ఓ ప్లాంటులో నేను చూసినదాన్ని కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే మీ యంత్రం కూడా అటువంటి గదిలోకే వెళ్తుంది. గోడకు వేలాడదీసిన లాగ్‌బుక్‌లో నెలల తరబడి ప్రతి వరుసలోనూ ఒకే ఒత్తిడి, ఒకే టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల మొత్తం) రాసి ఉన్నాయి. ప్రెషర్ గేజి ముల్లు ఎప్పుడో ఇరుక్కుపోయింది. మెంబ్రేన్లకు ముందే బురదను ఆపే కార్ట్రిడ్జ్ ఫిల్టర్ గొట్టం విప్పితే లోపల ఫిల్టరే లేదు. ఆపరేటర్ దాచకుండా చెప్పాడు: ఫిల్టర్ పూడుకుపోతే నీళ్లు సన్నగా వస్తున్నాయని జనం గొడవ పడుతున్నారు, కొత్తది కొనాలంటే తన డబ్బు పెట్టుకుని టౌనుకు వెళ్లాలి, అందుకని తీసి పక్కన పెట్టి నడుపుతున్నాడు. మెంబ్రేన్లను బయటికి తీసి చూస్తే నీరు ప్రవేశించేవైపు మెంబ్రేన్ ముఖమంతా బురద పట్టి ఉంది, చివరి మెంబ్రేన్‌లో తెల్లటి గట్టి పెచ్చు కట్టింది. ఆ ఆపరేటర్‌ను తప్పుపట్టాలని నాకు అనిపించలేదు. ఫిల్టర్ లేకపోతే మోటారు ఆగిపోయేలా ఒక సెన్సర్, ఒక రిలే పెట్టి ఉంటే పెద్ద ఖర్చేమీ అయ్యేది కాదు. ఆ ప్లాంటును డిజైన్ చేసిన గదిలో, ఇలా జరుగుతుందని ముందే చెప్పగలిగిన మనిషి లేకపోవడమే అసలు కారణం.

మన ప్రాంతపు నీరు ఈ విషయంలో మరీ కఠినమైనది. తెలంగాణలో అధికభాగం గ్రానైటు రాయి నేల. బోరునీటిలో ఫ్లోరైడుతో పాటు కాఠిన్యం, సిలికా కూడా ఎక్కువగా ఉంటాయి. తాగునీటికి భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) ప్రమాణమైన ఐఎస్ 10500 ప్రకారం ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే ఆధారం లేనిచోట 1.5 వరకు ఒప్పుకుంటారు. ఆ పరిమితి చేరుకోవడం మెంబ్రేన్‌కు కష్టమేమీ కాదు. వృథాగా బయటికి పోయే రిజెక్ట్ నీరు తగ్గించాలని రికవరీని, అంటే శుద్ధమై వచ్చే నీటి శాతాన్ని, పెంచుతూ పోతే మిగిలిన నీటిలో సిలికా, కాల్షియం చిక్కబడి చివరి మెంబ్రేన్‌పై పెచ్చుకట్టడంతోనే అసలు కష్టం మొదలవుతుంది. మీది సౌరశక్తితో నడిచే యంత్రం కాబట్టి ఇంకో సమస్య తోడవుతుంది. సాయంత్రం ఎండ తగ్గగానే పంపు ఆగుతుంది. చిక్కటి ఉప్పునీరు రాత్రంతా మెంబ్రేన్‌లోనే నిలిచిపోతుంది. ఆగేముందు శుద్ధమైన నీటితో కడిగే ఏర్పాటు ఉండాలి, అందుకు చివరి కొన్ని నిమిషాలకు సరిపడా శక్తిని దాచుకోవాలి. నమూనాను పగలు నాలుగు గంటలు నడిపి, ప్రతిసారీ పీహెచ్‌డీ విద్యార్థి చేత్తో కడిగే ప్రయోగశాలలో ఈ సంగతి బయటపడదు.

ఈ లోటు చిన్న కంపెనీలకే పరిమితమని అనుకోకండి. అమెరికాలో 2001లో మొదలైన ఏ123 సిస్టమ్స్ అనే బ్యాటరీ కంపెనీ వ్యవస్థాపకుల్లో ఎంఐటీ ఆచార్యుడు యెట్-మింగ్ చియాంగ్ ఉన్నారు. పదార్థ శాస్త్రంలో ఆయనకున్న పేరు చిన్నది కాదు. ప్రభుత్వం నుంచి భారీ గ్రాంటు వచ్చింది, 2009లో షేర్లు స్టాక్ మార్కెట్‌కు వెళ్లాయి. 2012 మార్చిలో మిషిగన్ రాష్ట్రంలోని లివోనియా ఫ్యాక్టరీలో ఒక వెల్డింగ్ యంత్రం అమరిక సరిగా లేనందువల్ల లోపమున్న సెల్స్ తయారయ్యాయని బయటపడింది. వాటిని మార్చి ఇవ్వడానికి సుమారు 5.5 కోట్ల డాలర్లు ఖర్చవుతుందని కంపెనీ ప్రకటించింది. అదే సంవత్సరం అక్టోబరులో దివాలా పిటిషన్ వేసింది. ఆశించిన ఆర్డర్లు రాకపోవడం, అవసరానికి మించి ఫ్యాక్టరీలు కట్టడం కూడా ఆ పతనానికి కారణాలే; అయినా ఊపిరి సలపని స్థితిలో ఉన్న కంపెనీని ఆ వెల్డింగ్ లోపం మరింత కిందికి తోసింది. రసాయన శాస్త్రంలో ఏ లోపమూ లేదు. ఫ్యాక్టరీ నుంచి సరుకు బయటికి వెళ్లేముందు ఆపగలిగే అధికారం, ఆ అధికారాన్ని వాడగలిగే కన్ను ఎంత విలువైనవో నేను యువ ఇంజినీర్లకు చెప్పేటప్పుడు ఈ ఉదాహరణే వాడుతుంటాను.

దీనికి భిన్నమైన కథ ఎనర్జీ రికవరీ అనే కంపెనీది. నార్వేకు చెందిన ఆవిష్కర్త లీఫ్ హాగే 1992లో దీన్ని అమెరికాలో స్థాపించారు. సముద్రపు నీటిని ఆర్‌ఓ ద్వారా శుద్ధిచేయాలంటే దాదాపు 60 బార్ల ఒత్తిడి కావాలి. లోపలికి పంపిన నీటిలో సగానికి పైగా ఉప్పుదేరి, దాదాపు అదే ఒత్తిడితో రిజెక్ట్‌గా బయటికి పోతుంది. ఆ ఒత్తిడిని లోపలికి వచ్చే నీటికి నేరుగా బదిలీ చేసే పరికరం వారిది. సామర్థ్యం 98 శాతం దాకా ఉంటుందని అందరూ చెబుతారు. నన్ను ఆకట్టుకున్నది వేరే. అందులో కదిలే భాగం ఒక్కటే, అది సిరామిక్ రోటరు. ఉప్పునీరు దాన్ని తుప్పు పట్టించలేదు, తిరగడానికి నూనె అక్కర్లేదు, నీరే కందెనగా పనిచేస్తుంది. అంటే ఆ డిజైన్‌లోనే నిర్వహణ చూసే మనిషి ఆలోచన ఉంది. సముద్రపు నీటి ప్లాంట్లలో కిలోలీటరుకు విద్యుత్తు ఖర్చు 3, 4 యూనిట్ల స్థాయికి దిగడానికి ఇటువంటి పరికరాలు ముఖ్య కారణం. 2008లో ఆ కంపెనీ కూడా స్టాక్ మార్కెట్‌కు వెళ్లింది.

ఇక మీ వ్యాపారం లెక్క చూద్దాం, ఎందుకంటే నాయకత్వంలో ఎవరుండాలన్నది ఆ లెక్కనుబట్టే తేలుతుంది. గంటకు 1,000 లీటర్ల శుద్ధ నీరు ఇచ్చే ఊరి ప్లాంటు రోజుకు 20 లీటర్ల క్యాన్లు 100 అమ్ముతుందనుకోండి. క్యాను 5 రూపాయలైతే రోజుకు 500, నెలకు 15,000 రూపాయలు. ఆపరేటర్ జీతం 10,000 అనుకుందాం. రెండు మోటార్లూ కలిపి 2.5 కిలోవాట్లు లాగితే, 2,000 లీటర్లకు రెండు గంటలు నడిపినా 5 యూనిట్లు మించదు. యూనిట్ 8 రూపాయలు వేసినా రోజుకు 40, నెలకు 1,200 రూపాయలు. మీ సౌర సాంకేతికత ఆ 1,200 మొత్తాన్నీ మిగిల్చినా, ఆపరేటర్ జీతం, ఫిల్టర్లు, పెచ్చుకట్టకుండా వేసే యాంటీస్కేలెంట్, మెంబ్రేన్ల మార్పిడి అన్నీ అలాగే ఉంటాయి. ప్యానెళ్ల ఖరీదు ఆ కొద్దిపాటి పొదుపుతో ఎప్పటికి తీరుతుంది? కరెంటే రాని ఊళ్లు మన రాష్ట్రాల్లో దాదాపు లేవు కాబట్టి ఆ వాదన కూడా నిలవదు. మీ ముగ్గురూ నిజాయితీగా, కష్టపడి ఒక మంచి యంత్రం తయారుచేశారు. ఈ లెక్కను మీకు మొదటి నెలలోనే వేసి చూపించే మనిషి మీ మధ్య లేకపోయారు.

అదే యంత్రం వేరే చోట పనికిరావచ్చు. పటాన్‌చెరు, బొల్లారం, జీడిమెట్ల, విశాఖ దగ్గరి పరవాడ వంటి చోట్ల బల్క్ డ్రగ్ కంపెనీలు తమ వ్యర్థజలాన్ని బయటికి వదలకుండా చివరి చుక్క వరకు ఆవిరి చేసే ఏర్పాట్లు పెట్టుకున్నాయి. ద్రావకాలను వేరుచేసే స్ట్రిప్పర్, నీటిని దశలవారీగా ఆవిరిచేసే ఎంఈఈ, మిగిలిన చిక్కటి ద్రవాన్ని ఆరబెట్టే ఏటీఎఫ్‌డీ అనే మాటలు ఆ ఫ్యాక్టరీల్లో రోజూ వినిపిస్తాయి. ఒక కిలోలీటరు నీటిని ఒకే దశలో ఆవిరి చేయాలంటే సుమారు 630 యూనిట్లకు సమానమైన వేడి కావాలి. మూడు దశల ఎవాపరేటర్ పెట్టినా దానిలో దాదాపు మూడోవంతు ఖర్చవుతుంది. ఎవాపరేటర్‌కు వెళ్లేముందే మెంబ్రేన్‌తో కొంత నీటిని లాగేయగలిగితే ప్రతి కిలోలీటరుకూ నిజమైన ఆదా కనిపిస్తుంది. ఇక్కడ శక్తి ఖర్చు మిగిల్చేవారికి కొనుగోలుదారు తలుపు తీస్తాడు. అయితే ఆ కొనుగోలుదారుకు మీ యంత్రం ఆగితే తన ఉత్పత్తి ఆగుతుందనే భయం, కాలుష్య నియంత్రణ మండలి నోటీసు వస్తుందనే భయం ఉంటాయి. అతను మిమ్మల్ని మొదట అడిగేది ఆదా గురించి కాదు; రాత్రి రెండు గంటలకు ఎవరికి ఫోన్ చేయాలని అడుగుతాడు. మీ ముగ్గురిలో ఆ ప్రశ్నకు జవాబు ఎవరి పేరు?

మార్కెట్‌ను మార్చుకోవలసి రావడం ఈ రంగంలో అరుదైన విషయమేమీ కాదు. ఎంఐటీలో పరిశోధన చేసిన అనురాగ్ బాజ్‌పాయ్, ప్రకాశ్ గోవిందన్ 2013లో గ్రేడియంట్ అనే కంపెనీని పెట్టి, టెక్సస్ చమురు క్షేత్రాల్లోని ఉప్పు వ్యర్థజలాన్ని శుద్ధి చేయడంతో మొదలుపెట్టారు. 2014 మధ్యలో బ్యారెల్‌కు 100 డాలర్లు దాటి ఉన్న చమురు ధర 2016 ఆరంభానికి 30 డాలర్ల కిందికి పడింది. వారు సెమీకండక్టర్, ఔషధ, ఇతర పరిశ్రమల వైపు మళ్లారు, 2023లో కంపెనీ విలువ వంద కోట్ల డాలర్లకు చేరింది. ఇద్దరు వ్యవస్థాపకుల్లో ఒకరు సీఈఓ బాధ్యత, మరొకరు కార్యకలాపాల బాధ్యత తీసుకున్నారన్నది గమనించండి. సాంకేతికతను కనిపెట్టినవారే క్షేత్రంలో దాన్ని నడిపే బాధ్యతనూ మోయడం వల్ల, ఒక మార్కెట్ మూసుకుపోయినప్పుడు తమ దగ్గరున్నదానిలో ఏది వేరే చోటికి పనికొస్తుందో వారికి తెలిసి ఉంటుందని నేను నమ్ముతున్నాను.

మన దగ్గర అలా మార్కెట్‌ను మార్చేసింది ప్రభుత్వ విధానం. 2016 ఆగస్టు 7న గజ్వేల్ దగ్గరి కోమటిబండలో మిషన్ భగీరథ ప్రారంభమై, కృష్ణా, గోదావరి నీళ్లు పైపుల ద్వారా ఊళ్లకు చేరాక, నల్లగొండ వంటి ఫ్లోరైడు ప్రాంతాల్లో చిన్న శుద్ధి యంత్రాల అవసరం స్వరూపమే మారిపోయింది. 2019 ఆగస్టు 15న కేంద్రం ప్రకటించిన జల్ జీవన్ మిషన్ మనిషికి రోజుకు 55 లీటర్ల కొళాయి నీటిని లక్ష్యంగా పెట్టుకుంది. ఇవి ప్రజలకు మంచివి, నేను మనస్ఫూర్తిగా స్వాగతించినవి. ఐనా, ఊరి బోరునీటిపై వ్యాపార ప్రణాళిక రాసుకున్న కంపెనీ నాయకత్వంలో ఈ పథకాల గురించి తెలిసినవారు ఒక్కరూ లేకపోవడాన్ని నేను ఒకటికి మించిన చోట్ల చూశాను.

చెల్లూరులో జరిగిన ప్రయోగం గురించి మీరు విని ఉండకపోతే తెలుసుకోండి. ఎంఐటీ ఆచార్యుడు ఏమోస్ వింటర్ బృందం, మహారాష్ట్రకు చెందిన జైన్ ఇరిగేషన్‌తో కలిసి, సౌర విద్యుత్తుతో నడిచే ఎలక్ట్రోడయాలిసిస్ యంత్రాన్ని రూపొందించి 2015లో అమెరికాలో డీసాల్ ప్రైజ్ గెలుచుకుంది. ఆ తర్వాత ఆ పద్ధతిని హైదరాబాద్‌కు దగ్గరలోని చెల్లూరు గ్రామంలో క్షేత్రస్థాయిలో పరీక్షించారు. ఎలక్ట్రోడయాలిసిస్‌లో నీటిని నెట్టడానికి బదులు ఉప్పు అయాన్లను విద్యుత్తుతో లాగుతారు. తక్కువ ఉప్పున్న నీటికి శక్తి తక్కువ పడుతుంది, రిజెక్ట్ తక్కువ పోతుంది. సిలికాకు ఆవేశం లేదు కాబట్టి అది శుద్ధమైన నీటితోనే వెళ్లిపోతుంది, రిజెక్ట్‌వైపు చిక్కబడదు. సాంకేతికంగా మీకు పనికొచ్చే పాఠాలు అందులో చాలా ఉన్నాయి. నాయకత్వం దృష్టితో చూస్తే, ఆ విశ్వవిద్యాలయ బృందం తమకు లేని ఫ్యాక్టరీని, గ్రామీణ అనుభవాన్ని ఒక పెద్ద కంపెనీని భాగస్వామిగా చేసుకుని సమకూర్చుకుంది. మీకు నాలుగో వ్యవస్థాపకుడు దొరకకపోతే ఆ దారి ఉంది. ధర, నాణ్యత, వేగం మీ చేతుల్లోంచి కొంత జారిపోతాయని తెలిసే అందులో అడుగుపెట్టాలి.

బృందాన్ని కూర్చిన తీరులో నాకు బాగా నచ్చినది ఫార్మ్ ఎనర్జీ. విద్యుత్ సరఫరా గ్రిడ్ కోసం ఇనుము, గాలితో పనిచేసే బ్యాటరీలు తయారుచేసే ఈ కంపెనీ 2017లో మొదలైంది. టెస్లాలో విద్యుత్ నిల్వ వ్యాపారాన్ని నిర్మించిన మాటియో జరామిల్లో, ఏ123 అనుభవమున్న చియాంగ్, దివాలా తీసిన అక్వియన్ అనే బ్యాటరీ కంపెనీలో పనిచేసిన టెడ్ వైలీ, బ్యాటరీ శాస్త్రవేత్త విలియం వుడ్‌ఫోర్డ్, గ్రిడ్ లెక్కల నిపుణుడు మార్కో ఫెరారా వ్యవస్థాపకులు. ఫెరారా పాత్ర మీకు ముఖ్యం. కొనేవాడి గ్రిడ్‌కు ఎన్ని గంటల నిల్వ, ఎంత ధరకు కావాలో లెక్కగట్టే మనిషికి మొదటిరోజు నుంచే వ్యవస్థాపక హోదా ఇచ్చారు. మీ విషయంలో కిలోలీటరు నీటికి ఎవరు ఎంత చెల్లిస్తారో లెక్కగట్టే పని మీది. ఆ పని మీరు సీఈఓ హోదాలోనే చేయాలి.

అవును, సీఈఓగా మీరే ఉండాలన్నది నా సలహా. బయటినుంచి తెచ్చిన పెద్ద పేరున్న సీఈఓ ఈ దశలో జీతం భారం కావడమే కాక, ఇంకా రుజువు కాని యంత్రాన్ని అమ్మే తొందరలో పడతాడు. అయితే "సహ సీఈఓలు" అనే ఏర్పాటు వద్దు. కస్టమర్‌కు, బ్యాంకుకు, ఉద్యోగికి చివరి మాట ఎవరిదో తెలియాలి. మెంబ్రేన్ మిత్రుడు సాంకేతిక బాధ్యత చూసే సీటీఓగా ఉంటారు. నాలుగో వ్యక్తికి, అంటే ప్లాంట్లు నడిపే అనుభవం ఉన్న మనిషికి, రెండు అధికారాలు కాగితం మీద రాసి ఇవ్వండి: ఆ వ్యక్తి సంతకం లేకుండా డిజైన్ ఖరారు కాకూడదు, ఏ యంత్రమూ షెడ్డు దాటకూడదు. మీరు ఆర్డరు కోసం ఆరాటపడతారు, సీటీఓ ఇంకొక మెరుగుదల కోసం ఆరాటపడతారు. ఆ రెంటి మధ్య "ఇప్పుడు కాదు" అనగలిగే మనిషికి అధికారం లేకపోతే మీరు పెట్టిన పదవికి అర్థం ఉండదు.

ఆ మనిషి ఎక్కడ దొరుకుతారు? స్టార్టప్ సభల్లో వెతకవద్దు. పెద్ద నీటిశుద్ధి కంపెనీల్లో ఓ అండ్ ఎం, అంటే ప్లాంటు నడపడం, నిర్వహణ చూసినవారు, ఫార్మా కంపెనీల్లో వ్యర్థజలాన్ని శుద్ధిచేసే ఈటీపీ, ఎంఈఈ ఇన్‌ఛార్జులుగా పదిహేనేళ్లు గడిపినవారు, గ్రామీణ నీటి సరఫరా విభాగంలో పనిచేసి రిటైరైన ఇంజినీర్లు ఉంటారు. వారిలో చాలామందికి స్లైడులు చేయడం రాదు, ఇంగ్లిష్‌లో అనర్గళంగా మాట్లాడలేకపోవచ్చు. ఇంటర్వ్యూలో వారిని మీ యంత్రం దగ్గరికి తీసుకెళ్లి, ఇది ఎక్కడ చెడిపోతుందో చెప్పమనండి. మంచి మనిషి పది నిమిషాల్లో మీ సీటీఓకు కోపం తెప్పించే ప్రశ్నలు వేస్తారు. ఆ కోపాన్ని సీటీఓ దాటగలిగితే మీకు బృందం కుదిరినట్టే.

అటువంటి వ్యక్తి స్థిరమైన ఉద్యోగం వదిలి రావాలి, ఇంట్లో పిల్లల చదువులు ఉంటాయి, కాబట్టి వాటా ఒక్కటే చూపి పిలవడం న్యాయం కాదు; బతకడానికి సరిపడా జీతం సీడ్ పెట్టుబడిలో కేటాయించండి. వాటా మాత్రం ఉద్యోగుల స్థాయిలో కాక వ్యవస్థాపకుల స్థాయిలో ఉండాలి. మీ ముగ్గురి వాటాలు ఎంతో మీరు రాయలేదు. సమానంగా పంచుకుని ఉంటే, అందరూ తలా కొంత తగ్గించుకుని పది శాతానికి తగ్గకుండా ఇవ్వమంటాను. నాలుగేళ్ల వెస్టింగ్ (వాటా కాలం గడిచేకొద్దీ విడతలుగా దక్కడం), మొదటి ఏడాది క్లిఫ్ (ఏడాది నిండకుండా వెళ్లిపోతే ఏమీ దక్కకపోవడం) అందరికీ ఒకేలా పెట్టండి, మీకు కూడా. కేంద్ర ప్రభుత్వ విభాగమైన డీపీఐఐటీ గుర్తింపు ఉన్న స్టార్టప్‌లు ప్రమోటర్లకు, పది శాతానికి మించి వాటా ఉన్న డైరెక్టర్లకు కూడా కంపెనీ నమోదైన నాటి నుంచి పదేళ్ల వరకు ఈసాప్, అంటే ఉద్యోగులకిచ్చే షేర్ల హక్కులు, ఇవ్వవచ్చని 2019లో నిబంధన సవరించారు. ఆలస్యంగా చేరే వ్యవస్థాపకుడికి ఇది వీలైన మార్గం. మీ కంపెనీ సెక్రటరీని అడగండి.

డాలస్ మిత్రుడి విషయం నిష్కర్షగా తేల్చుకోవాలి. స్నేహం చెడకుండా తేల్చుకోవడానికి ఇదే సరైన సమయం, పెట్టుబడి వచ్చాక కష్టం. శని, ఆదివారాల్లో పనిచేసే మనిషి పూర్తికాలం పనిచేసే మీతో సమానంగా వాటా కలిగి ఉంటే, రేపు ఎవరూ మాట్లాడని అసంతృప్తిగా అది పేరుకుపోతుంది. ఆయన వెస్టింగ్ పూర్తికాలం చేరిన రోజు నుంచి మొదలయ్యేలా రాసుకోండి. రాలేకపోతే సలహాదారు వాటాకు పరిమితం చేయండి. ఆయన హెచ్1బీ వీసాపై ఉంటే, స్పాన్సర్ చేయని కంపెనీకి అక్కడినుంచి పనిచేయడంలో చట్టపరమైన చిక్కులున్నాయి, వాటిని ఇమిగ్రేషన్ న్యాయవాదితోనే మాట్లాడాలి. ఇక్కడి కంపెనీల చట్టం ప్రకారం ఒక్క డైరెక్టరైనా ఆర్థిక సంవత్సరంలో 182 రోజులు భారతదేశంలో ఉండాలి; మీరిద్దరూ ఇక్కడే ఉన్నారు కాబట్టి ఆ చిక్కు లేదు. పవర్ ఎలక్ట్రానిక్స్ పని ఆగకూడదు కనుక ఇక్కడ ఒక మంచి ఇంజినీరును ఉద్యోగంలోకి తీసుకోండి.

ఆర్థిక బాధ్యతకు ఇప్పుడే పూర్తికాలం సీఎఫ్‌ఓ అక్కర్లేదు. వారానికి ఒకటి రెండు రోజులు వచ్చే చార్టర్డ్ అకౌంటెంట్ చాలు. కానీ ఆ వ్యక్తికి కాంట్రాక్టు పనుల అనుభవం ఉండాలి. మన వ్యాపారంలో డబ్బు ఇరుక్కునే చోట్లు వేరు. టెండరుకు ముందే కట్టే డిపాజిట్ అయిన ఈఎండీ, పని దక్కితే పర్‌ఫార్మెన్స్ బ్యాంకు గ్యారంటీ, దానికి మార్జిన్ డబ్బు, బిల్లులో పట్టి ఉంచే రిటెన్షన్, ఐదేళ్ల ఓ అండ్ ఎం షరతు ఉంటే అంతకాలం చిన్నచిన్న వాయిదాల్లో వచ్చే సొమ్ము. సూక్ష్మ, చిన్న సంస్థలకు 45 రోజుల్లోగా చెల్లించాలని 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం చెబుతుంది, ఆలస్యమైతే బ్యాంకు రేటుకు మూడు రెట్ల వడ్డీ కూడా ఉంది. తన ఏకైక పెద్ద కస్టమర్‌పై ఆ ఫిర్యాదు చేసే ధైర్యం చిన్న కంపెనీకి అరుదుగా ఉంటుంది. అందువల్ల ఆర్డర్లు నిండుగా ఉండి కూడా జీతాలకు డబ్బు లేని నెల వస్తుంది. ఆ నెలను ఆరు నెలల ముందే చూడగలిగిన మనిషి కావాలి.

కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఇచ్చే సీఎస్ఆర్ డబ్బుపై ఆధారపడే ఆలోచన మీకుంటే ఒక్క మాట. చట్టం ప్రకారం అర్హతగల కంపెనీలు సగటు లాభంలో 2 శాతం ఖర్చుపెట్టాలి కాబట్టి ప్లాంటు పెట్టించడానికి దాతలు దొరుకుతారు. మూడో ఏడాది మెంబ్రేన్లు మార్చడానికి మాత్రం ఎవరూ దొరకరు. ఒప్పందంలోనే నిర్వహణ సొమ్మును ప్రత్యేక ఖాతాలో వేయించుకోగలిగితేనే ఒప్పుకోండి.

ఆచార్యుల విషయానికి వస్తే, వారు ఉండడం మంచిదే, బృందానికి బదులుగా మాత్రం పనికిరారు. ఇన్వెస్టర్ ముందు పెద్ద పేర్లు పెట్టినంత మాత్రాన, ఆయన "ప్లాంటు దగ్గర ఎవరుంటారు?" అని అడగడం మానడు. సలహాదారులు ఇద్దరు చాలు: ఒకరు మీ సీటీఓ కంటే రసాయన శాస్త్రం బాగా తెలిసి ఆయనను ప్రశ్నించగలిగినవారు, మరొకరు మీరు అమ్మదలచిన పరిశ్రమలో కొనుగోలు నిర్ణయాలు తీసుకున్నవారు. ఒక్కొక్కరికి పావు నుంచి ఒక శాతం వరకు వాటా ఇవ్వడం వాడుకలో ఉంది. అదీ రెండేళ్ల వెస్టింగ్‌తో ఇవ్వండి, వారు నెలకు ఎంత సమయం ఇస్తారో రాసుకుని ఇవ్వండి. పీహెచ్‌డీ సమయంలో చేసిన ఆవిష్కరణ హక్కులు సాధారణంగా విద్యాసంస్థకే చెందుతాయి. లైసెన్సు ఒప్పందం చేతికి రాకుండా సీడ్ ఒప్పందంపై సంతకం పెట్టకండి. ఇన్వెస్టర్ న్యాయవాదులు మొదట అడిగే కాగితం అదే.

ఆ ఇద్దరు ఇన్వెస్టర్ల దగ్గరికి మళ్లీ వెళ్లేటప్పుడు, సీఈఓ కోసం వెతుకుతున్నామని చెప్పవద్దు. ఏ మార్కెట్‌ను వదిలేశారో, దేన్ని ఎంచుకున్నారో, ఎంచుకున్నచోట కిలోలీటరుకు ఎంత మిగులుతుందో ఒక పేజీలో చూపండి. నాలుగో వ్యక్తి పేరు, ఆయన ఇప్పటివరకు నడిపిన ప్లాంట్లు, ఆయనకు మీరు రాసి ఇచ్చిన రెండు అధికారాలు ఇంకో పేజీలో ఉండనివ్వండి. ఆయన ఇంకా ఉద్యోగం వదలకపోతే, పెట్టుబడి వచ్చిన రోజున చేరతానని సంతకం చేసిన ఉత్తరం జతచేయండి. ఒక నిజమైన ఫ్యాక్టరీలో, వారి ఆపరేటర్ చేతనే, మీ మనుషులెవరూ పక్కన లేకుండా కొన్ని నెలలు నడిచిన యంత్రం లెక్కలు తర్వాతి విడతకు చూపిస్తామని చెప్పండి.

మీ నమూనాను ఏ నీటిపై పరీక్షించారో మీరు రాయలేదు. టీడీఎస్, సిలికా, కాఠిన్యం, ఫ్లోరైడు, వీలైతే సీఓడీ (నీటిలోని సేంద్రియ కాలుష్యపు కొలత) విలువలున్న పరీక్ష నివేదిక, రికవరీ ఎంత శాతంలో ఎన్ని గంటలు నడిపారో ఆ వివరాలు ఇక్కడ రాయండి. వాటిని చూస్తే మీ నాలుగో వ్యక్తిని మెంబ్రేన్ రసాయనాలు తెలిసినవారిలో వెతకాలా, పంపులు, ఎవాపరేటర్లు తెలిసిన మెకానికల్ మనుషుల్లో వెతకాలా అన్నది ఇంకాస్త స్పష్టంగా చెప్పగలను.